మెడ నిలవని గులాబీ

అక్టోబరు చివర, సొరెగ్‌లో
గులాబీల్ని ఆకుల్లేకుండా అమ్ముతారు.
తడి గోనెపట్టాలో వేళ్ళు,
కట్టలు కట్టిన ముళ్ళపుల్లలు,
ఒక్కోదాని మెడలో ఒక పేరు చీటీ.
పువ్వును చూసి కొనడం కాదిది,
మాట నమ్మి కొనడం.

"ఎర్రది కావాలి" అన్నాను.
"ఎరుపుల్లో ఏ ఎరుపు?" అన్నాడు నర్సరీ గాష్పార్.
ఎండకి నారింజలోకి జారేది ఉందట,
వాన పడితే మొగ్గలోనే కుళ్ళేది ఉందట,
వాసన సున్నా అయినా
కూజాలో పది రోజులు నిలిచేది ఉందట.
పెళ్ళిసంబంధాలు చెప్పినట్టు చెప్పుకుపోయాడు,
కాకపోతే లోపాలు ముందు చెప్పాడు.

ఓ మూల కట్టలోంచి ఒక పుల్ల లాగి
మళ్ళీ పెట్టేశాడు.
"ఇది వద్దులే. పాత రకం, పాకేది.
వాసనంటే దీనిదే వాసన.
రంగు, బీట్‌రూట్ కోసిన చెయ్యి.
కానీ మెడ నిలవదు.
పూసిందంటే తల వేలాడేస్తుంది.
పోటీల్లో బల్ల దాకా రానివ్వరు.
పైగా ఐదో రోజుకి ఊదాగా కమిలిపోతుంది."

నాకు వెండెల్ గుర్తొచ్చాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు పొగగొట్టాలు తుడిచాడు నా మొగుడు.
సెగెద్ ఊరంతా అతనికి నడినెత్తి మీంచే తెలుసు.
ఎవరి బట్టతల ఎందాకా పాకిందో,
ఏ పెరట్లో ఎవరు ఎవరికి ఉత్తరం అందిస్తున్నారో.
ఓ మార్చి ఉదయం
మంచు పట్టిన పెంకు మీద కాలు జారింది.
ఇప్పుడు లోకం అతనికి అడుగు నుంచి తెలుసు:
బల్లల కింద అంటించిన బబుల్‌గమ్,
పలకరించే వాళ్ళ గడ్డాల కింద మిగిలిన సబ్బు నురగ,
మా పందిరెక్కిన తెల్లగులాబీల వీపులు.
"నీ పువ్వులన్నీ ఆకాశంతోనే మాట్లాడతాయి"
అన్నాడొకసారి,
చలి ఎక్కువైంది అన్నంత మామూలుగా.

"అదే ఇవ్వు" అన్నాను గాష్పార్‌తో.
"మెడ సంగతి చెప్పాను కదా" అన్నాడు.
"విన్నాను" అన్నాను.

రాత్రంతా బకెట్ నీళ్ళలో నానింది.
పొద్దున్నే గుంట.
వెండెల్ కుర్చీలోంచి కర్ర పెట్టి కొలిచాడు:
"ఇంకో జానెడు."
అంటు ముడి మట్టిలోకి మూడు వేళ్ళు దిగాలి,
మా చలికి పైనుంటే బతకదు.
చుట్టూ మట్టి ఎగదోసి కుప్ప పోశాను.
"ఎవర్ని పాతిపెట్టావ్?" అన్నాడు, నవ్వాడు,
చాన్నాళ్ళకి.

మొదటి ఏడు నాలుగు కొమ్మలు, పువ్వు లేదు.
రెండో ఏడు నల్లమచ్చ తెగులు.
జూలైకే బోడి అయింది.
పక్కింటి ఎతెల్కా గోడ మీంచి చూసి
"పీకెయ్ ఇల్కా, టమాటా పెట్టుకో" అంది.
నేను రాలిన ఆకులన్నీ ఏరి కాల్చాను,
గంధకం చల్లాను,
ఫిబ్రవరిలో కొమ్మల్ని అడ్డంగా వంచి తీగకి కట్టాను.
నిలువుగా వదిలితే కొసనే పూస్తుంది,
వంచితే కణుపు కణుపుకీ కన్ను విచ్చుతుంది.
చేతులు గీరుకుపోయాయి.
ట్రాములో టికెట్లు కొట్టిన చేతులు,
వీటికి ముళ్ళు కొత్త.

మూడో ఏడు, మే నెల ఆఖరి వారం,
కాఫీ పట్టుకొచ్చేసరికి
కుర్చీ పందిరి కిందికి వెళ్ళి ఉంది.
పైనుంచి ఎర్రగా ఒకటి, అరచేతంత,
తల పూర్తిగా దించి
అతని ముఖంలోకి చూస్తోంది.
వెండెల్ కదల్లేదు.
కాఫీ మీద మీగడ కట్టింది.
చాలాసేపటికి అన్నాడు:
"లోపల పేనుబంక ఉంది.
సబ్బునీళ్ళు పట్రా."

గాష్పార్ అబద్ధమాడలేదు.
ఐదో రోజుకి అంచులు కమిలాయి,
బెణికిన మడమ రంగు.
వాడిన పువ్వు కోసెయ్యాలి, గింజ కట్టనివ్వకూడదు,
అప్పుడే మళ్ళీ మొగ్గ తొడుగుతుంది.
ఏప్రన్ జేబులోంచి కత్తెర తీశాను.

"ఉండనీ" అన్నాడు.
"ఇంకా ఇటే చూస్తోంది."

ఆ కొమ్మకి ఆ ఏడు రెండో పూత రాలేదు.